అడిగి వేయించుకున్న చుక్క

ఆ పటంలో ఇసుక ఉంది. బొమ్మలో వేసిన ఇసుక కాదు, అది ఎలాగూ ఉంది. రంగులో కూరుకుపోయిన అసలు సిసలు భీమిలి ఇసుక. అరవై మూడేళ్ళ క్రితం ఒక పొద్దుటిపూట డ్రాయింగు మాస్టారు కూర్మారావు, తెడ్డుకర్రలతో చేయించుకున్న స్టాండు ఒడ్డున పాతి, దాని మీద కాన్వాసు బిగించి సముద్రాన్ని వేస్తుంటే, గాలి ఊరుకోక ఇసుక తెచ్చి పచ్చి రంగు మీద చల్లింది. ఇంకొకరైతే సూదితో ఏరి పారేసేవారు. ఆయన మాత్రం "అదీ భీమిలే కదా, ఉండనీ" అన్నాడట.

ఆయన కూతురు మందాకిని ఆ పటం కింద కూర్చుని అన్నం తింటూ, ఎక్కాలు వల్లెవేస్తూ పెరిగింది. దగ్గర నుంచి చూస్తే అందులో ఏమీ ఉండదు. ఆకుపచ్చ, ఊదా, తెలుపు పూతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే మాత్రం అలలు లేస్తాయి, తెప్పలు తేలతాయి, తడి ఇసుక మీద ఎండ పడుతుంది. ఇంప్రెషనిస్టులనే ఫ్రెంచి చిత్రకారుల బొమ్మలు ఏదో పుస్తకంలో చూసి మాస్టారు ఆ పద్ధతి మీద మనసు పారేసుకున్నాడు. ఆరుబయట నిలబడి, వెలుగు మారిపోయేలోపు, గబగబా వేసెయ్యాలి. ముక్కూ మొహం దిద్దుతూ కూర్చునే తీరిక ఉండదు.

ఒడ్డున ఎర్రకోక కట్టుకున్న ఒక ఆడమనిషి ఉంది. ఉందంటే, రెండు ఎర్ర పూతలు. ఆమె పక్కన చిటికెనవేలి గోరంత పసుపు చుక్క. "అదేంటి నాన్నా, నిమ్మకాయా?" అని చిన్నప్పుడు మందాకిని అడిగితే, ఆయన దగ్గు మధ్యలో నవ్వి, "అది అడిగి వేయించుకున్న చుక్కమ్మా" అన్నాడు. ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో చెప్పేలోపు మళ్ళీ దగ్గు తెర వచ్చింది. మందాకినికి తొమ్మిదేళ్ళు నిండేసరికి ఆయన పోయాడు. ఆమెకి గుర్తున్న నాన్న అంటే మంచం, దుప్పటి, దగ్గు. అంతే.

అలాంటి పిల్ల పెద్దదై ఇసుక మీద పరిశోధన చేసిందంటే వింతేముంది? విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక ప్రయోగశాలలో పాతికేళ్ళు కళ్ళు పాడుచేసుకుని ఆమె కనిపెట్టినది ఇది: ఇసుక రేణువు మీద పడిన వెలుగు పడ్డట్టే జారిపోతుంది. ఒక్కసారిగా చీకటి కప్పేస్తే మాత్రం, మూత పెట్టిన గిన్నెలో ఆవిరిలా, ఆఖరున పడిన వెలుగు లోపలే ఉండిపోతుంది. రేణువు అప్పుడు దేనికి ఎదురుగా ఉందో అదంతా ఆ వెలుగులో ఉంటుంది. చీకటి గదిలో సన్నటి పచ్చకాంతి సోకిస్తే దాన్ని వదిలేస్తుంది. ఒకే ఒక్కసారి, నలభై సెకండ్లు. ఆ తర్వాత అది వట్టి ఇసుక. ఆ యంత్రానికి రేణుదర్శి అని పేరు పెట్టారు. ఒక పాత గోడలోని రేణువులో ఎవరో తాపీమేస్త్రీ అరచెయ్యి కనిపించినప్పుడు ప్రయోగశాల మొత్తం చప్పట్లు కొట్టింది.

పేపరు వాళ్ళు వచ్చి రాశారు. ఆమె గదిలో గోడకున్న పటం ఫోటో వేశారు. పటం వెనక మాస్టారు పెన్సిలుతో రాసుకున్న "భీమిలి, ఉదయం. ఎర్రకోక: గరికిన కొర్లమ్మ" అన్న ముక్క కూడా వదలకుండా వేశారు.

మూడో రోజున పైడమ్మ వచ్చింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ముక్కు మూసుకున్నాడు. ఆవిడ చేతిలో స్టీలు క్యారియర్ నిండా ఎండు నెత్తళ్ళు ఉన్నాయి మరి. అరవై దాటిన మనిషి, ముతక కోక, నెరిసిన జుట్టు, నడకలో మాత్రం ఎక్కడా తొట్రుపాటు లేదు. లోపలికి వచ్చి మందాకినిని ఎగాదిగా చూసింది.

"మేస్టారి పాపగోరు తవురేనా? నాను కొర్లమ్మ కూతుర్ని. పైడమ్మంటారు. మాయమ్మ మీకాడుందని పేపర్లో ఏసినారంట, మా మనవరాలు సదివింది. ఓపాలి సూసెల్దారని వొచ్చినాను."

"మీకాడుంది" అన్న మాటకి మందాకిని లేచి నిలబడింది. గోడ మీది పటం చూపించింది. పైడమ్మ దాని మీదికి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి, ఆ ఎర్ర పూతల్ని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి వెతికింది.

"మొకమేదీ?"

"అలా దగ్గరికెళ్తే కనబడదమ్మా. నాతో రండి." మందాకిని ఆవిడ భుజం పట్టుకుని ఒక్కొక్క అడుగే వెనక్కి నడిపించింది. ఆరో అడుగుకి పైడమ్మ ఆగిపోయింది.

"నడుం మీద సెయ్యెట్టుకుంది," అంది మెల్లగా. "అలాగే నిలబడీదంట. మా పెద్దమ్మ సెప్పీది. ఓలమ్మా, నిజివే."

తర్వాత స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్ళు తాగాక చెప్పింది. తనకి రెండేళ్ళప్పుడు పేటలో వాంతులూ బేదులూ వచ్చి తల్లి పోయింది. పెద్దమ్మ పెంచింది. "మా పేటలో ఆ రోజుల్లో పోటో ఎవురు తీసినారమ్మా? అమ్మ ఎలాగుండీదే అనడిగితే నీలాగే ఉండీదనీది పెద్దమ్మ. నానేమో అద్దం ముందు కూకుని సూసుకునీదాన్ని. ఇప్పుడు సూసుకుంతే ముసిల్ది కనపడతంది. మాయమ్మ ముసిల్ది అవనే లేదు గదా." ఆవిడ క్యారియర్ మూత తీసింది, మళ్ళీ పెట్టింది. "మీ మిసన్లో ఆ మొకం తేలదా పాపగోరూ?"

తేలుతుంది అంది మందాకిని. అంత ధీమాగా ఎందుకు అందో తర్వాత తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది.

పటానికి ఎక్స్‌రే తీశారు. పైకి తేలిన ఇసుక అరవై ఏళ్ళుగా ట్యూబులైట్లు చూసి ఖాళీ అయిపోయి ఉంటుంది, అది పనికిరాదు. రంగు కింద పూర్తిగా పూడిపోయిన రేణువులు తొమ్మిది లెక్కకి వచ్చాయి. చిక్కు ఏమిటంటే, రేణువుని తియ్యాలంటే దాని మీది పూతని లేపాలి. అరవై ఏళ్ళ రంగు సూది తగిలితే అప్పడంలా పెళ్ళుమని పొడైపోతుంది. ఒక్కో రేణువుకీ మాస్టారు వేసిన పూత ఒకటి శాశ్వతంగా పోతుంది. పాత పటాలకు వైద్యం చేసే రెహానా ఆ మాట ముందే చెప్పింది.

"అక్కా, ఇది మీ నాన్నగారి పటం. మళ్ళీ ఇంకోటి లేదు. బాగా ఆలోచించుకోండి."

"మా నాన్న ఆమె మొహం వెయ్యకుండా వదిలేశాడు రెహానా. ఆ బాకీ మనం తీర్చాలి కదా. ముందు నురుగులో ఉన్నవి తీద్దాం. నురుగు పూతలు చాలా ఉన్నాయి, మూడు పోయినా సముద్రం ఎండిపోదు."

మధ్యాహ్నం పూట గది కిటికీలన్నీ మూసి, నల్ల తెరలు దించి, గుడ్డి ఎర్రదీపం ఒక్కటి ఉంచారు. పైడమ్మ స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెహానా భూతద్దంలోంచి చూస్తూ, ఊపిరి బిగబట్టి, ఎర్రకోకకి బెత్తెడు దూరంలో ఉన్న తెల్ల పూతని లేపింది. అది సున్నంలా రాలింది. కింది రేణువుని యంత్రంలో పెట్టారు.

తెర మీద ముందు బూడిదరంగు పొగ. అందులోంచి మెల్లగా ఒక టోపీ, టోపీ కింద ఒక మనిషి.

"ఎవురో మొగోడు," అంది పైడమ్మ.

రెండో రేణువులోనూ ఆ మొగోడే. పళ్ళ మధ్య కుంచె కరచిపట్టుకుని కళ్ళు చికిలిస్తున్నాడు. మూడోదానిలో నుదుటి మీద చెమట కూడా కనిపించేంత దగ్గరగా ఉన్నాడు. ఎక్కడా సముద్రం లేదు, తెప్ప లేదు, కొర్లమ్మ లేదు.

రెహానా సూది కింద పెట్టేసింది. "అక్కా, బొమ్మ వేసేటప్పుడు కాన్వాసు ఎటు తిరిగి ఉంటుంది?"

మందాకిని పటం వైపు తిరిగింది. స్కూలు పిల్ల కూడా చెయ్యని పొరపాటు. పుట్టినప్పటి నుంచీ ఆ పటాన్ని గోడకున్న కిటికీ అనుకుంది. కిటికీ అయితే సముద్రాన్ని చూస్తుంది. ఇది గుడ్డ. ఆ పొద్దుటి పూటంతా సముద్రానికి వీపు తిప్పి, వేసేవాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అందులో ఉన్న ప్రతి రేణువూ మాస్టారినే చూసింది.

ఆయన ఇరవై ఎనిమిదేళ్ళవాడు. దగ్గు లేదు, దుప్పటి లేదు. ఎండలో నిలబడి తన పని తాను చేసుకుంటున్నాడు. మందాకినికి ఏడుపు ఆగలేదు. ఎదురుగా పైడమ్మ ఖాళీ చేతులతో కూర్చుని ఉండగా తనకి అంత సంతోషం కలగడం ఆమెని ఇంకా ఏడిపించింది.

"మీ నాయినా?" అంది పైడమ్మ. తెర ఆరిపోయాక కూడా అటే చూసింది. "సక్కగున్నాడు. ఏడకండి పాపగోరూ. మీకైనా దొరికినాడు గదా." కొంగుతో మొహం తుడుచుకుని, క్యారియర్ సంగతే మరిచిపోయి బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం మందాకిని భీమిలి బయల్దేరింది. క్షమాపణ చెప్పుకోవడానికి కాళ్ళు రాకపోయినా క్యారియర్ ఒక వంక. ఉత్త గిన్నె తిరిగి ఇవ్వకూడదని పొద్దున్నే లేచి అందులో సున్నుండలు చేసి పెట్టింది.

పైడమ్మ ఇంటిముందు వల పరిచి నెత్తళ్ళు ఎండబెడుతోంది. చేతిలో కర్రతో కాకుల్ని అదిలిస్తూనే పీట వేసింది. సున్నుండ కొరికి, నెయ్యి బాగానే పడిందని మెచ్చుకుంది. మందాకిని మొదలుపెట్టిన క్షమాపణని మధ్యలోనే తోసేసింది.

"మీరేటి సేత్తారమ్మా. మాయమ్మకీ ఆ బొమ్మకీ మొదట్నించీ పడనే లేదు. ఆ రోజే దెబ్బలాడీసిందంట మీ నాయినతోటి."

"దెబ్బలాడిందా?"

"పెద్దమ్మ సెప్పి సెప్పి నవ్వీది. అమ్మ ఇంటికొచ్చి, 'ఆ మేస్టారు నన్ను ఎండుమిరపకాయ సేసీనాడే' అందంట. సంకలో నానుంతే, గుంటని ఎయ్యలేదని ఇంతెత్తున లేచిందంట. ఎయ్యమని పట్టుబట్టిందంట, ఏసినాడో లేదో మరి."

మందాకిని చేతిలో సున్నుండ అలాగే ఉండిపోయింది. "ఎక్కడ నిలబడి దెబ్బలాడింది?"

"ఎక్కడేటి, బొమ్మ కాడికెల్లి. సూడకండా ఎలాగ దెబ్బలాడతాది?"

అడిగి వేయించుకున్న చుక్క. యాభై ఏళ్ళ తర్వాత నాన్న మాటకి అర్థం దొరికింది. కొర్లమ్మ బిడ్డని చంకనేసుకుని వచ్చి మాస్టారి వెనక నిలబడింది. ఆమె బొమ్మని చూసిందంటే, బొమ్మ కూడా ఆమెని చూసింది. ఆమె చూస్తుండగానే ఆయన ఆ పసుపు చుక్క పెట్టాడు. దాని కింద గనక రేణువు ఉంటే!

ఫోన్ తీసి రెహానాని ఎక్స్‌రే చూడమంది. కాకులు రెండుసార్లు వచ్చి పోయేంతసేపు రెహానా వెతికింది. తర్వాత, "ఉందక్కా. ఒక్కటి," అంది.

మందాకిని ఫోన్ పెట్టేసి పైడమ్మ వైపు తిరిగింది. దాచకుండా చెప్పింది. ఎర్రకోక పక్కన ఉన్న పసుపు చుక్క మీరేనమ్మా, మీ అమ్మ పట్టుబట్టి వేయించింది. మీ అమ్మ మొహం దొరికితే దాని కిందే దొరకాలి. దొరక్కపోవచ్చు కూడా, మళ్ళీ మా నాన్న టోపీయే రావచ్చు. ఎలా వచ్చినా ఆ చుక్క మాత్రం పొడైపోతుంది. బొమ్మలో మీ అమ్మ ఒక్కతే మిగులుతుంది.

పైడమ్మ కర్ర నేల మీద పెట్టింది. "అది నానా?" అంది. ఆ సంగతి ఆవిడకి అప్పటిదాకా తెలియదు. "నానూ ఉన్నానా దాన్లో?"

"ఉన్నారు."

"మాయమ్మ పక్కన."

"అవునమ్మా."

ఒక కాకి వచ్చి నెత్తళ్ళ మీద వాలింది. ఆవిడ దాన్ని తోలలేదు. కాసేపటికి కొంగు నడుముకి దోపుకుని లేచింది. "నానిక్కడ ఇంత లావున ఉన్నాను గదమ్మా. గోరంత సుక్క పోతే ఏటి? నన్ను తీసీయండి. మాయమ్మని మాత్తరం ముట్టుకోకండి."

తిరుగు బస్సులో మందాకినికి ఇంకో సంగతి తట్టింది. కొర్లమ్మ దెబ్బలాడేనాటికి బొమ్మ పూర్తయి ఉంటుంది. అంటే ఆ పటం మీద నాన్న చెయ్యి ఆఖరున ఆనింది ఆ చుక్క దగ్గరే. దాన్ని తీసేస్తే తనకీ ఏదో పోతుంది. అడిగినవాళ్ళకి లేదనకుండా ఆయన పెట్టిన చుక్క అది. ఇప్పుడు ఆ బిడ్డే వచ్చి అడుగుతుంటే తను కాదనడం ఆయనకి నచ్చదు. మధురవాడ దాటేసరికి మనసు కుదుటపడింది.

మళ్ళీ నల్ల తెరలు, ఎర్రదీపం. రెహానా సూది ఆనించింది. పసుపు చుక్క నాలుగు పెచ్చులై, పెచ్చులు పిండై, తెల్ల కాగితం మీదికి రాలింది. కింద ఒకే ఒక్క రేణువు. పైడమ్మ స్టూలు మీద కూర్చోనంది.

పొగ వచ్చింది. పొగలోంచి టోపీ వచ్చింది. మళ్ళీ నాన్నేనా అనుకుంది మందాకిని. అయితే టోపీ ఇటు తిరిగి లేదు. మాస్టారు తల పక్కకి తిప్పి వెనక్కి చూస్తున్నాడు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. అలా నవ్వగా ఆయన్ని మందాకిని ఎన్నడూ చూడలేదు. ఆయన భుజం మీదుగా, గాలికి జుట్టు రేగిన ఒక ఆడపిల్ల. రెండు ముక్కుపుడకలు. పావలా కాసంత బొట్టు. వేలెత్తి నేరుగా కాన్వాసులోకి చూపిస్తోంది. కనుబొమలు కోపంగానే ముడిపడి ఉన్నాయి, పెదవి చివర మాత్రం నవ్వు ఆగడం లేదు. చంకలో నెత్తిన నాలుగు వెంట్రుకలున్న గుంట ఒకతి, కుంచె కోసం చెయ్యి చాపుతోంది.

పైడమ్మ తెర దగ్గరికి నడిచింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. ఇరవై ఏళ్ళ ఆ మొహాన్ని అరవై అయిదేళ్ళ తన అరచేత్తో నిమిరింది, మనవరాలిని నిమిరినట్టు.

"ఎంత సిన్న గుంటవే అమ్మా నువ్వు," అంది. "ఇంత సిన్నదానివని నాకెవురూ సెప్పలేదే."

నలభై సెకండ్లు అయిపోయాయి. బొమ్మని యంత్రం దాచిపెట్టుకుంది కాబట్టి కాగితం మీద అచ్చు తీసి ఇచ్చారు. పైడమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని పటం దగ్గరికి వచ్చింది. ఎర్రకోక పక్కన గోరంత మేర గుడ్డ తెల్లగా బయటపడి ఉంది. అదే రంగు కలిపి పూడ్చేస్తాను, తేడా తెలియదు అంది రెహానా.

"ఆ ఇసకేటి సేత్తారు?" అని అడిగింది పైడమ్మ.

"ఇంక అందులో ఏమీ లేదమ్మా, ఖాళీ అయిపోయింది," అంది మందాకిని.

"కాళీ అయితే మల్లీ పట్టదా?"

మందాకిని రెహానా వైపు, రెహానా మందాకిని వైపు చూసుకున్నారు. పాతికేళ్ళలో రేణువుల్ని ఖాళీ చేయడమే తప్ప నింపడం గురించి వాళ్ళు ఆలోచించనే లేదు. పట్టదా అంటే, ఎందుకు పట్టదు? ఎండ చూపించి కప్పేస్తే చాలు.

పది రోజుల తర్వాత ఒక పొద్దుటి పూట భీమిలి ఒడ్డున తెడ్డుకర్రల స్టాండు మళ్ళీ పాతారు. స్టాండు పాతదే, మందాకిని అటక మీంచి దింపింది. పటాన్ని సముద్రానికి వీపు తిప్పి బిగించారు. గాలి ఆ రోజు దయగానే ఉంది. రెహానా సూది మొనతో ఆ రేణువుని తెల్లగా ఉన్న చోట అతికించి, కుంచెకి పసుపు రంగు అద్ది పైడమ్మ చేతికిచ్చింది.

"నానెయ్యాలా?"

"ఎవరు వేస్తే వాళ్ళ మొహమే అందులో ఉంటుందమ్మా," అంది మందాకిని. "మా నాన్న నిలబడ్డ చోట మీరు నిలబడండి. మీ అమ్మ నిలబడ్డ చోట నేనుంటాను."

ఆమె పైడమ్మ కుడి భుజం వెనక నిలబడింది. పైడమ్మ కుంచెని కత్తిపీట పట్టినంత గట్టిగా పట్టుకుంది. కుంచె గాలిలో ఉండగానే వెనక్కి తిరిగి, "దీన్ని మల్లీ ఎవురూ తియ్యరు గదా?" అని అడిగింది.

"తియ్యరు. పటం వెనక రాసి పెడతాను."

"మేస్టారి రాత పక్కనే రాయండి."

"అలాగే."

పైడమ్మ కాన్వాసు వైపు తిరిగింది. ఎర్రకోకని చూసింది, పక్కన మెరుస్తున్న ఇసుక రేణువుని చూసింది. మొహం దాని ఎదురుగా తెచ్చి, అది తనని బాగా చూసుకునేదాకా ఆగింది.

"ఆలీసమైపోనాదే అమ్మా," అని, కుంచె ఆనించింది.